మోచేతి స్నాయుబంధనము – దాని బాధయు, చికిత్సయు

"నరము పట్టినది" అను మాట వినని దినము మన యిండ్లలో నుండదు. బియ్యపు బస్తా నెత్తి నడుము పట్టినను నరమే; మెట్లు దిగుచు మడమ నొచ్చినను నరమే; తడిబట్టలు పిండి పిండి మోచేయి సలిపినను నరమే. శరీరశాస్త్రము చదువుచున్న పైతరగతుల విద్యార్థులు ఈ మాటను కొంచెము పరీక్షింపవలసి యున్నది. నరము మెదడునకును అవయవములకును నడుమ వార్తలు మోయు తంతువు. అది నొచ్చుటయు కలదు గాని, మోచేతి సలుపునకు తఱచుగా కారణము వేఱు. కండరమును ఎముకకు బంధించు తెల్లని గట్టి త్రాడొకటి కలదు. దానిని మన పాఠ్యపుస్తకములు స్నాయుబంధనమని పేర్కొనుచున్నవి. వైద్యులు టెండన్ అందురు. ఎముకను ఎముకతో కట్టునది సంధిబంధనము. పరీక్షలో ఈ రెంటిని తాఱుమాఱు చేయువారు ప్రతి సంవత్సరమును నలుగురైదుగురు కనబడుచునే యున్నారు.

స్నాయుబంధనమును తాకి చూడగోరువారు మడమకు పైన, వెనుకభాగమున, వ్రేళ్లతో పట్టి చూడవచ్చును. అక్కడ బిగువుగా చేతికి తగులునది మన దేహమునందలి స్నాయుబంధనములలో కెల్ల మందమైనది. దానియందలి నీటిని తీసివేసినచో మిగులు పదార్థములో హెచ్చుభాగము కొల్లాజెన్ అను మాంసకృత్తు. ఈ కొల్లాజెన్ పోగులు, మోకులో నారపోగులవలె, ఒకే దిక్కునకు వరుసగా కూర్పబడి యుండును. వాని నడుమ జీవకణములు చాల తక్కువ, రక్తనాళములును తక్కువ. కండరమునకు తగిలిన దెబ్బ కొన్ని వారములలో మానుటయు, స్నాయుబంధనపు బాధ మాసములు గడచినను వదలక పీడించుటయు ఇందువలననే.

ఈ విషయమున డెన్మార్కు శాస్త్రజ్ఞులు 2013వ సంవత్సరమున ప్రకటించిన పరిశోధన మిక్కిలి వింతయైనది. 1950వ, 1960వ దశాబ్దములలో బహిరంగముగా పేల్చిన అణ్వస్త్రములవలన గాలిలో ఒక విధమగు రేడియోధార్మిక కర్బనము హెచ్చెను. అది మొక్కలలోనికి, వానినుండి ఆహారముద్వారా మనుష్యుల దేహములోనికి చేరెను. ఏ కండ, ఏ పోగు ఏ సంవత్సరమున కట్టబడెనో దానినిబట్టి లెక్కింపవచ్చును. ఆ లెక్కచొప్పున మడమ స్నాయుబంధనపు నడిభాగము మనుష్యుని పదునేడవ యేటివఱకు కట్టబడి, ఆ పిమ్మట ఇంచుమించు మాఱక నిలిచిపోవునని తేలినది. అనగా ఈ పత్రిక చదువు పదియవ తరగతి బాలుడు తన జీవితమంతయు దేనిని నమ్మి నడువవలెనో ఆ త్రాటిని ఇంక రెండేండ్లలో పేని ముగించును.

ఇక మోచేతి సంగతి. చేతిని చాచి, అరచేయి నేలవైపుంచి, మోచేతి వెలుపలి అంచున తడవి చూచినచో ఎముకబొడిపె ఒకటి దొరకును. మణికట్టును వెనుకకు ఎత్తు కండరములు కొన్ని ఈ బొడిపెనుండియే బయలుదేరుచున్నవి. తరగతిలో చేయదగిన పరీక్ష ఒకటి చెప్పెదను. పిడికిలి బిగించి, రెండవ చేతితో ముంజేతి పైభాగమును పట్టి చూడుడు. వ్రేళ్లు ముడుచుకొనునది లోపలివైపునకే యైనను, వెలుపలి కండరము గట్టిపడుట తెలియును. ఇప్పుడు మణికట్టును బాగుగా క్రిందికి వంచి అదే పిడికిలిని బిగింప యత్నింపుడు. పట్టు సడలిపోవును. కావున దేనిని గట్టిగా పట్టవలెనన్నను మణికట్టును వెనుకకు నిలిపి యుంచు ఈ కండరములు పని చేయవలసినదే. సుద్దముక్క, స్క్రూడ్రైవరు, అప్పడాల కఱ్ఱ, మోటారు సైకిలు పిడి, తడిసిన చీర – వీని లాగుడంతయు తుదకు ఆ చిన్న బొడిపెకడ చేరును.

ఈ బాధకు టెన్నిసు మోచేయి అని లోకములో పేరు. పేరు చూచి ఇది ధనికుల ఆటలవలన వచ్చు రోగమని తలపరాదు. 1873వ సంవత్సరమున రుంగె అను జర్మను వైద్యుడు దీనిని మొట్టమొదట వర్ణించినది వ్రాతపని చేయువారి చేతి బాధను గూర్చి వ్రాయుచునే. లాన్ టెన్నిసు పేరు దీనికి తగిలినది పదేండ్ల పిమ్మట, ఇంగ్లండులో. నేటికిని ఈ బాధ పడువారిలో పెక్కురు టెన్నిసు బ్యాటును ఒక్కనాడైనను పట్టినవారు కారు. పెద్దవారిలో ఏటేట నూటికి ఒకరు మొదలు ముగ్గురివఱకు దీని పాలగుదురని వైద్యుల లెక్క. నలువది యేండ్ల ప్రాయమునకు అటునిటుగా నున్నవారు ఎక్కువ. నల్లబల్లపై తలకంటె ఎత్తున వ్రాయు ఉపాధ్యాయులు రుంగె మాటను సులభముగా నమ్ముదురు.

ఉప్పలు వాసులకు ఈ రోగమును గూర్చి దగ్గఱి ఉదాహరణము ఒకటి కలదు. సచిన్ టెండూల్కరుకు 2004వ సంవత్సరమున ఎడమ మోచేతికి ఈ బాధ పట్టెను. ఆయన బరువైన బ్యాటు వాడుటకు ప్రసిద్ధుడు. కుడిచేతి వాటపు ఆటగానికి బ్యాటు పిడిని పైని పట్టునది ఎడమచేయి. కొన్ని పందెములకు దూరమయ్యెను, మరల వచ్చెను, బాధ వదలలేదు. తుదకు 2005 మే మాసమున లండనులో శస్త్రచికిత్స జరిగెను. అక్టోబరువఱకు ఆట లేదు. నాలుగేండ్ల తరువాత, 2009 నవంబరు 5వ తేదీన, మన ఉప్పలు మైదానమున ఆస్ట్రేలియా జట్టు 350 పరుగులు చేయగా, ఆ మోచేతితోనే ఆయన 141 బంతులలో 175 పరుగులు చేసెను. భారతజట్టు 347 కడ ఆగి, 3 పరుగుల తేడాతో ఓడినది. ఆ పందెమును తలచుకొని మా వీధివారు ఇప్పటికిని నిట్టూర్తురు. శరీరశాస్త్రము చెప్పువాడనగుటచే నాకు మాత్రము ఆ ఎడమ మోచేయియే జ్ఞాపకము వచ్చుచుండును. శస్త్రచికిత్స అందఱకు అవసరమని దీనివలన ఎంచరాదు. పెక్కుమందికి ఏడాదిలోపల కత్తితో పని లేకయే నయమగుచున్నది.

పూర్వము దీనిని వాపు అనియే ఎంచిరి. 1979వ సంవత్సరమున నిర్షల్, పెట్రోన్ అను అమెరికా శస్త్రవైద్యులు చెడిన భాగమును కోసి సూక్ష్మదర్శినిలో చూడగా, వాపునందు ఉండవలసిన కణములు అంతగా కానరాలేదు. వరుస తప్పిన పోగులును, వాని నడుమ అనవసరముగా పుట్టిన సన్నని రక్తనాళములును కనబడెను. మరమ్మతు మొదలై, సగములో దారి తప్పినట్లున్నది ఆ చోటు.

వాపు లేనిచోట వాపును అణచు మందు ఏమి చేయును? ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమున 198 మంది రోగులను మూడు తెగలుగా విభజించి చేసిన పరిశీలన 2006లో ప్రకటింపబడెను. ఒక తెగవారికి స్టెరాయిడ్ సూది వేసిరి. రెండవ తెగవారికి ఎనిమిది మాఱులు చేతి చికిత్స చేసి వ్యాయామము నేర్పిరి. మూడవ తెగవారు జాగ్రత్తలు విని ఊరక వేచి యుండిరి. ఆఱు వారములకు సూదివారే అందఱికంటె సుఖముగా నుండిరి. కాని ఆ పిమ్మట వారిలో 65 మందికిగాను 47 మందికి బాధ తిరుగబెట్టెను. చికిత్స పొందినవారు, వేచి యున్నవారికంటె ముందుగా కోలుకొనిరి. ఏడాది చివరకు ఈ రెండు తెగలవారును ఇంచుమించు సమానముగా తేలిరి. ఈ కడపటి మాట చికిత్సకులకు రుచింపకపోవచ్చును. ఐనను చేతితో పని చేసి బ్రతుకువానికి ముందుగా కోలుకొనుట చిన్న విషయము కాదని నా అభిప్రాయము.

చేతి చికిత్సలో పెక్కు పద్ధతులు కలవు. లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో పని చేసిన జేమ్స్ సిరియాక్స్ (1904–1985) అను వైద్యుడు నేర్పినది నేటికిని మన ఫిజియోథెరపీ శాలలలో నడచుచున్నది. మన పెద్దలు చేయు నూనె మర్దనముతో దీనికి పోలిక లేదు. నూనె యున్నచో వ్రేలు జారును గనుక నూనె నిషిద్ధము. చెడిన చోటు వెదకి, వ్రేలి కొన దానిపై మోపి, పోగులు సాగిన దిక్కునకు అడ్డముగా, చర్మమును తనతో కూడ కదలించుచు, లోతుగా రుద్దుదురు. ఒక్కొక్క మాఱు పది నిమిషములు, వారమునకు మూడు మాఱులు, నాలుగు వారములు. ఇది ఆయన నియమము. రుద్దిన వెంటనే మణికట్టును వంచి పట్టి మోచేతిని ఒక్క విసురున చాచు క్రియయు కలదు. దానిని 1928లో మిల్స్ అను ఆంగ్లేయ వైద్యుడు ప్రకటించెను.

ఈ పది నిమిషములు ఎట్టివో పుస్తకము చదివినంత మాత్రమున తెలియదు. నాకు ఈ చికిత్స నాచారములో, కర్మాగారముల బాటనుండి ఒక సందులోనికి తిరిగి, మేడపై నున్న చిన్న శాలలో జరిగినది. ఉప్పలులో బడిపని ముగించుకొని, షేరు ఆటోలో పోయి, ఎత్తైన బల్లపై చేయి చాపి కూర్చుండుట. చికిత్స చేయునామె వయస్సున నా పూర్వ విద్యార్థినులకంటె పెద్దది కాదు. మొదట బొడిపె చుట్టును మెల్లగా నొక్కుచు "ఇక్కడేనా సార్?" అని అడుగును. కాదు, కాదు అని చెప్పుచుండగనే చోటు దొరకును. దొరకినదని వేఱుగ చెప్పవలసిన పని యుండదు. మొదటి రెండు నిమిషములు కన్నుల నీరు తిరుగును. రెండవ చేయి తనంతట తానే బల్ల అంచును పట్టుకొనును. బాటపై పోవు లారీల మ్రోత ఆ సమయమున గొప్ప ఆదరువు; మూలిగినను వెలుపలి గదిలోనివారికి వినబడదు. మూడవ, నాల్గవ నిమిషమునకు చోటు మొద్దుబాఱును. ఆ తరువాతిది ఓర్చుకొనదగినదే.

నడుమ నడుమ ఆమె "సున్నా నుంచి పదిలో ఎంత?" అని అడుగుచుండును. ఏడు అనినచో వ్రేలు తేలికపఱచును; మూడు అనినచో ఇంకను లోతునకు పోవును. మగవారు తఱచు తక్కువ చెప్పుదురట. "ఇది పందెం కాదు సార్, ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అని ఆమె నాతో మొదటినాడే ఖండితముగా ననెను. రుద్దుట ముగిసిన పిదప చేతికి ఒక కిలో బరువునిచ్చి మెల్లగా దింపుమనును. ఆ రాత్రి మోచేయి వేడిగా నుండును; మఱునాడు చొక్కా గుండీ పెట్టునప్పుడు తెలియుచుండును.

ఇంత బాధకు ఫలమేమి? అంటుకొనిన పోగులు విడిపోవుననియు, రక్తప్రసారము హెచ్చుననియు సిరియాక్స్ వాదము. 2014లో కోక్రేన్ సంస్థవారు ఈ పద్ధతిని గూర్చిన పరిశీలనలను వెదకగా, నమ్మదగినవి రెండు చిన్నవి మాత్రమే దొరకెను. మేలు కలదని గాని లేదని గాని తేల్చుటకు అవి చాలవని వ్రాసిరి. నేను అనుభవించినంతవఱకు, రుద్దినచోటు కొంతసేపు మొద్దుబాఱును. ఆ కొంతసేపటిలో, అంతకుముందు ఎత్తలేని బరువును చేయి ఎత్తగలుగును. ఆ బరువే అసలు మందు.

బరువు మందగుట ఎట్లన్నది స్వీడను దేశమున స్పష్టమైనది. 1998లో హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అను వైద్యుడును ఆయన సహచరులును మడమ స్నాయుబంధనము చెడి పరుగు మానుకొనిన 15 మందిచే ఒక వ్యాయామము చేయించిరి. మెట్టు అంచున మునివ్రేళ్లపై నిలిచి మడమను మెల్లగా క్రిందికి దింపుట; ఒక్కొక్క వరుసకు 15 మాఱులు, మూడు వరుసలు, దినమునకు రెండు పూటలు, 12 వారములు. నొప్పి పుట్టినను ఆపవలదనిరి. పండ్రెండు వారములకు ఆ 15 మందియు మరల పరుగెత్తిరి. ఆల్ఫ్రెడ్‌సనుకు తన మడమయే నొచ్చుచుండగా పై యధికారి శస్త్రచికిత్సకు ఒప్పుకొనలేదనియు, అది తెగిపోయిననైన కోయక తప్పదుగదా యని ఆయన బరువు మోపుచు పోగా నయమైనదనియు చెప్పుదురు. లాగుడు తగిలినప్పుడు స్నాయుబంధనములోని కణములు దానిని గ్రహించి, ఆ లాగుడు దిక్కునకే కొత్త పోగులు వేయును. విశ్రాంతిమాత్రము ఇచ్చిన చేతికి ఆ దిక్కు తెలియదు.

నొప్పి ఎంతవఱకు ఓర్వవలెను, ఎచ్చట ఆగవలెను అనునది కష్టమైన ప్రశ్న. మన చిత్తూరు జిల్లా సరిహద్దును అంటియున్న వేలూరులో దీనికి సంబంధించిన గొప్ప పాఠము జరిగినది. 1914లో కొల్లిమలలలో మిషనరీ దంపతులకు జన్మించిన పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు 1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చెను. కుష్ఠురోగమువలన వ్రేళ్లు కొక్కెములవలె ముడుచుకొనిపోయిన చేతులకు, బలముగల స్నాయుబంధనమును ఒకచోటినుండి మఱియొకచోటికి మార్చి కుట్టి, ఆ వ్రేళ్లను తెఱపించెను. కుట్టుటతో పని ముగియదు. మార్చిన త్రాటికి కొత్త పని నేర్పుటకు దినదినమును వ్యాయామము చేయింపవలెను. లేనిచో శస్త్రచికిత్స వ్యర్థము. ఆ రోగులకు చేతులలో నొప్పి తెలియదు. కాలుచున్న గిన్నెను పట్టుకొందురు, మేకు గ్రుచ్చుకొనినను విడువరు, పుండు పడినను అదే చేతితో పని చేయుదురు. వేలి వెనుక వ్రేలు పోవుటకు ముఖ్యకారణము ఈ తెలియమియే యని బ్రాండ్ చూపించెను. నొప్పి మనుష్యునకు ఈయబడిన కానుక యని ఆయన 1993లో ఒక గ్రంథమే వ్రాసెను.

నేటి చికిత్సకులు నొప్పిని కొలబద్దగా వాడుట ఈ దృష్టితోనే. వ్యాయామమునందు పదిలో ఐదు వఱకు నొప్పి యుండవచ్చును. మఱునాటి ఉదయమునకు అది మొదటి స్థితికి దిగవలెను. దిగనిచో బరువు తగ్గింపవలెను. అసలు నొప్పియే లేనిచో బరువు చాలలేదన్నమాట.

నాచారపు శాలలో నా పక్కబల్లకడ కూర్చుండునాయన పారిశ్రామికవాడలో మరలు బిగించు పనివాడు. దినమంతయు స్క్రూడ్రైవరు త్రిప్పు చేయి. "ఆమె నొక్కుతుంటె పానం పోతది సారూ. గని రాత్రికి జర నిద్ర పడ్తది" అని చెప్పెను. ఐదవ మాఱు తరువాత ఆయన కానరాలేదు. సాయంకాలపు పని హెచ్చినదట; చికిత్సకు వచ్చిన పూట కూలి పోవును. కొన్ని వారములకు ఉప్పలు చౌరస్తాలో కనబడినప్పుడు అన్నపు డబ్బా ఎడమచేత పట్టుకొని యుండెను. కుడిచేయి ఎట్లున్నదని అడిగితిని. నవ్వి ఊరకుండెను.

మన విద్యార్థుల తలిదండ్రులలో ఆయనవంటివారు పెక్కురు కలరు. ఉప్పలు, నాచారము, మల్లాపురముల కర్మాగారములలో పని చేయువారు, కుట్టుమిషనుకడ కూర్చుండు తల్లులు, నాలుగిండ్లలో బట్టలు పిండువారు. భీమా కలిగిన కార్మికులకు నాచారములోనే ఇ.యస్.ఐ. ఆసుపత్రి యున్నది, 1948వ సంవత్సరపు చట్టముచే ఏర్పడిన ఈ భీమా క్రింద వైద్యమునకు రుసుము లేదు. భీమా లేనివారికిని కూలి వదలుకొనలేనివారికిని వారమునకు మూడు పూటలు దొరకుట కష్టము. కాని పైని చెప్పినట్లు, మందులో హెచ్చుభాగము ఇంటికడ చేయదగినది. ఒక్కమాఱు చికిత్సకునిచే చూపించుకొని, రోగము ఇదియే యని తేలిన పిదప, దినమునకు పది నిమిషములు చాలును. ఇంట చదువుకొన్న బిడ్డ యున్నచో లెక్క పెట్టుటకు ఆ బిడ్డయే ఉండవచ్చును.

పద్ధతి ఇది. బల్ల ప్రక్కన కూర్చుండి ముంజేతిని బల్లపై మోపి, మణికట్టు అంచునకు వెలుపల నుండునట్లు, అరచేయి క్రిందివైపునకు ఉంచవలెను. అరలీటరు నీళ్లసీసా పిడికిట పట్టవలెను. రెండవ చేతి సాయముతో మణికట్టును పైకెత్తి, సాయము తీసి, ఐదు లెక్కించునంతసేపు మెల్లగా క్రిందికి దింపవలెను. పదునైదు మాఱులు చేసి ఒక నిమిషము ఆగవలెను. ఇట్లు మూడు వరుసలు. సులభమైనప్పుడు లీటరు సీసా. మూడు మాసములు మానకుండ చేయవలెను. మొదటి మూడు వారములలో ఫలము కనబడకున్నను విడువరాదు. కూరగాయల సంచిని ఎత్తునప్పుడు అరచేయి పైకి ఉండునట్లు పట్టినచో బొడిపెపై లాగుడు తగ్గును. బట్టలను పిండుటకు బదులు నీరోడ వ్రేలాడదీయవచ్చును. ఉపాధ్యాయులు బల్ల పైసగమును విడిచి వ్రాయుట మేలు.

వ్రేళ్లు తిమ్మిరెక్కినను, నొప్పి మెడనుండి దిగుచున్నను, కీలు ఎఱ్ఱబడి జ్వరము వచ్చినను, పడినందువలన బాధ పుట్టినను, సీసా పట్టకముందే వైద్యుని చూడవలెను. బాలురకు వేఱొక మాట. ఎదుగుచున్నవారి ఎముక చివరలయందు మెత్తని ఎదుగుదల పొర యుండును. మీలో బంతి విసరి విసరి మోచేయి నొచ్చినవారికి తఱచు దెబ్బ తినునది అదియే. వారు విసరుట ఆపి తలిదండ్రులకు చెప్పవలెను. పై వ్యాయామము పెద్దల కొఱకు వ్రాసినది.